ఒమెనాలా: నేల మీద జరిగేది

తెలుగులో 'మతం' అన్న మాటకు పాత అర్థం అభిప్రాయం. 'నా మతమేమిటంటే' అంటూ పండితులు వాదం మొదలుపెట్టేవారు. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ మిగిలే ఉంది. ఆఫ్రికా సంప్రదాయాల ఆధ్యాత్మిక జీవనం గురించి కొన్నేళ్లుగా చదువుతున్న నాకు పదే పదే అడ్డుపడినది ఈ మాటే. మతం అనగానే మనసు ముందుగా 'వాళ్లు ఏమి నమ్ముతారు' అని అడుగుతుంది. సృష్టికర్త అయిన ఒక పరమదైవం, ఆయన కింద అనేక దేవతలు, ఊరిని కనిపెట్టుకుని ఉండే పూర్వీకులు అంటూ పుస్తకాలు జవాబు చెబుతాయి. ఆ జవాబులు తప్పు కావు గాని, వాటిని ఎన్ని పేర్చినా ఒక ఊరి జీవితం కళ్లకు కట్టదు. 'వాళ్లు కలిసి ఏమి చేస్తారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, తప్పు జరిగిన మర్నాడు ఏమి జరుగుతుంది' అని అడగడం నేర్చుకున్న తరువాతనే నాకు ఈ విషయం కొంత అందింది.

నైజీరియా ఆగ్నేయ ప్రాంతపు ఇగ్బో ప్రజల భాషలో ఈ చిక్కును విప్పే మాట ఒకటి ఉంది: ఒమెనాలా. 'ఆలా' అంటే నేల. ఆ నేల మీద జరుగుతూ వస్తున్నది, ఆ నేలకు చెల్లుబాటయ్యేది ఒమెనాలా. పూజ, పెళ్లి, పంట, తగవు తీర్పు, చావు, బిడ్డకు పేరు పెట్టడం, అతిథిని ఆదరించడం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. దీనికి ఎదురుగా 'న్సో ఆలా' అన్న మాట ఉంది, అంటే నేల సహించనిది. ఆలా మట్టి పేరు మాత్రమే కాదు, దేవత పేరు కూడా. అందుచేత హత్య గాని, రక్తసంబంధీకుల మధ్య అక్రమ సంబంధం గాని, పొరుగువాని చేనులో యామ్ దుంపలు దొంగిలించడం గాని ఎవరో ఒక మనిషికి జరిగిన అపకారంగా ఆగిపోక నేలకు జరిగిన అపచారం అవుతుంది. నష్టపోయిన కుటుంబం క్షమించినా పని పూర్తి కాదు. ఆ మైల అందరూ నడిచే నేలకే అంటింది గనుక శుద్ధి జరిగి తీరాలి.

ఇదే ఇగ్బో ప్రాంతంలో, ముఖ్యంగా ఒవెర్రి చుట్టుపక్కల, ఆలా దేవత కోసం కట్టే 'మ్బారి' అనే మండపాల గురించి చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఊరికి ఆపద వచ్చినప్పుడో, దేవత కోరుతున్నదని ప్రశ్న చెప్పేవారు తేల్చినప్పుడో ఊరివారిలో కొందరిని ఎంపిక చేసి, మిగతా జనానికి దూరంగా, కంచె లోపల నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి ఉంచేవారు. వారు చీమల పుట్టల మట్టిని మెత్తగా మెదిపి, నిపుణుడైన శిల్పి చెప్పినట్టు బొమ్మలు చేసేవారు. మధ్యలో ఆలా కూర్చుని ఉండేది. ఆమె చుట్టూ ఇతర దేవతలు, జంతువులు, ప్రసవిస్తున్న స్త్రీలు, ఊరివారు, చివరికి వలస పాలన కాలంలో కొత్తగా కనిపించిన తెల్లదొర కూడా ఉండేవాడు. ఊరు భయపడేది, ఇష్టపడేది, కొత్తగా చూసినది ఏదైనా ఆ మండపంలో చోటు పొందేది. అంతా పూర్తయ్యాక కంచె తీసి, విందు చేసుకుని, ఊరంతా చూసి సంతోషించేవారు. ఆ తరువాత దాన్ని వానకు వదిలేసేవారు. కూలిపోతున్నా మరమ్మతు చేసేవారు కాదు. దేవతకు సమర్పించినది కట్టడాన్ని కాదు, కట్టడమనే పనిని. మట్టి మట్టిలో కలిశాక, మళ్లీ అవసరం వచ్చినప్పుడు మరో తరం మరో మ్బారి కట్టేది. ఇంత శ్రమను దాచుకోవాలన్న తపన లేకుండా నేలకు ఇచ్చివేయగలిగిన మనుషుల గురించి చదివినప్పుడు, ఇది నమ్మకం అనే మాటకు అందేది కాదని నాకు మొదటిసారి స్పష్టంగా తోచింది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఆఫ్రికాలో 54 దేశాలు, 1,500కు పైగా భాషలు ఉన్నాయి. ఇగ్బోల ఆచారం పక్కనే ఉన్న యోరుబాలకు చెల్లదు, యోరుబాల పద్ధతి కెన్యా తీరంలో ఎవరికీ తెలియదు. అందువల్ల 'ఆఫ్రికా మతం' అని ఏకవచనంలో రాయడానికి నా చేయి రాదు. నేను ఇక్కడ చెప్పేవి కొన్ని చోట్ల సంగతులు మాత్రమే. అయితే వేరువేరు చోట్ల కనిపించే ఒక పోలికను మాత్రం కాదనలేను. ఊరు అంటే బతికి ఉన్నవారు మాత్రమే కాదు, చనిపోయినవారూ ఇంకా పుట్టనివారూ అందులో సభ్యులే.

కెన్యాకు చెందిన తత్వవేత్త, క్రైస్తవ మతాచార్యుడు జాన్ మ్బితి (1931-2019) ఈ చనిపోయినవారిని 'సజీవ మృతులు' అన్నారు. ఒక మనిషిని పేరు పెట్టి తలచుకునేవారు, ముఖం గుర్తున్నవారు భూమి మీద ఉన్నంతకాలం ఆ మనిషి కుటుంబంలో భాగంగానే ఉంటాడు. గుర్తున్న చివరి మనిషి కూడా పోయాకనే అతడు దూరపు ఆత్మల గుంపులో కలుస్తాడు. దీన్ని పూర్వీకుల ఆరాధన అని అనువదించడం నాకు నచ్చదు. ఇంటి పెద్దకు ముందుగా కంచం పెట్టడాన్ని ఎవరూ ఆరాధన అనరు. నేల మీద కొంచెం పానీయం ఒలకబోసి, పేర్లు వరుసగా పిలిచి, ఇంట్లో జరుగుతున్న సంగతి చెప్పడం కూడా అటువంటిదే.

ఘనాలోని అసాంటెల మధ్య ఈ బంధం పీటల రూపంలో కనిపిస్తుంది. మంచి పాలన చేసి చనిపోయిన పెద్ద కూర్చున్న చెక్కపీటను నల్లబరచి, ప్రత్యేకమైన గదిలో ఉంచుతారు. 42 రోజుల చక్రంలో రెండుసార్లు వచ్చే 'అడే' రోజుల్లో ఆ పీటల ముందు ఆహారం, పానీయం పెడతారు. పాలించేవాడు ఆ గదిలోకి వెళ్లి, తనకంటే ముందు ఆ బాధ్యత మోసినవారి ఎదుట నిలబడాలి. వీటన్నిటికీ పైన ఉన్నది 'సికా డ్వా', అంటే బంగారు పీట. ఒకొంఫో అనోచె అనే పురోహితుడు దాన్ని ఆకాశం నుంచి దింపి తొలి రాజు ఒసెయి టూటు ఒడిలో వాలేలా చేశాడని, అసాంటె జాతి ప్రాణమంతా అందులోనే ఉందని వారి కథ. రాజు సైతం దాని మీద కూర్చోడు. 1900లో బ్రిటిష్ గవర్నర్ ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అసాంటెల రాజధాని కుమాసీకి వచ్చి, ఆ పీటను తెచ్చి తనకు ఆసనంగా వేయలేదేమని అడిగాడు. అప్పటికే రాజు మొదటి ప్రెంపెను 1896లో పట్టుకుని తీసుకుపోయారు. పురుషులు తటపటాయిస్తూ ఉండగా ఎజీసు రాజమాత యా అసాంటెవా యుద్ధానికి నాయకత్వం వహించింది. యుద్ధంలో ఓడిపోయారు, ఆమెను సీషెల్స్ ద్వీపాలకు పంపారు, 1921లో ఆమె అక్కడే మరణించింది. బంగారు పీట మాత్రం బ్రిటిష్‌వారి చేతికి చిక్కలేదు. హాడ్జ్‌సన్‌కు అది సింహాసనంగా కనిపించింది. ఒక జాతి మొత్తం తన గతాన్నీ భవిష్యత్తునూ కలిపి కట్టుకున్న ముడి అది అని తెలుసుకునే ఓపిక అతనికి లేకపోయింది.

అసాంటెలు కూడా చేరిన అకాన్ ప్రజల భూమాత పేరు అసాసె యా. 'యా' అంటే గురువారం పుట్టిన ఆడపిల్ల. అందుకే అసాంటె ప్రాంతంలో గురువారం నేలను తవ్వకూడదు. తీరంలోని అనేక పల్లెల్లో మంగళవారం చేపల వేటకు పడవలు కదలవు, ఆ రోజు సముద్రానిది. ఆ ఖాళీ రోజున వలలు బాగు చేసుకుంటారు, తగవులు వింటారు. నేలకు, నీటికి విశ్రాంతి దొరుకుతుందని ఇప్పటివారు చెప్పే లాభం నిజమే. కాని లాభం కోసం పెట్టుకున్న సెలవును లాభం కోసమే ఎత్తివేయవచ్చు. నేలకు కూడా తన రోజు ఒకటి ఉందన్న మర్యాదను అంత సులువుగా ఎత్తివేయలేరు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది ఉత్తర ఉగాండాలోని అచోలి ప్రజల 'మాతో ఒపుట్'. ఒపుట్ అనే చెట్టు వేరు విపరీతమైన చేదు. ఆ చేదు తాగడమే మాతో ఒపుట్. ఒక వంశానికి చెందిన మనిషి మరో వంశానికి చెందిన మనిషిని చంపితే, ఆ క్షణం నుంచి ఆ రెండు వంశాల మధ్య రాకపోకలు తెగిపోతాయి. కలిసి తినరు, తాగరు, పిల్లనిచ్చి పుచ్చుకోరు. చనిపోయినవాని ఆత్మ 'చెన్' రూపంలో చంపినవాణ్ణి, అతని ఇంటివారిని పీడిస్తుందని భావిస్తారు. పెద్దలు మధ్యవర్తులుగా రెండు వైపులా తిరుగుతారు. దీనికి నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. చంపినవాడు జరిగినది జరిగినట్టు చెప్పాలి. నిజం ఒప్పుకోకపోతే పని ముందుకు సాగదు. తరువాత పరిహారం. దాన్ని చంపినవాడు ఒక్కడే కాదు, అతని వంశమంతా కూడబెట్టి చెల్లిస్తుంది. పూర్వం ఆ పరిహారాన్ని కన్యాశుల్కంగా ఇచ్చి బాధిత కుటుంబం ఒక కోడలిని తెచ్చుకునేది, ఆమెకు పుట్టిన బిడ్డకు చనిపోయినవాని పేరు పెట్టేవారు. ప్రాణానికి ప్రాణం అన్న న్యాయాన్ని వారు ఇలా అర్థం చేసుకున్నారు. పోయిన ప్రాణానికి బదులుగా మరో ప్రాణం పుట్టాలి, మరో ప్రాణం పోకూడదు.

చివరి రోజున రెండు వంశాలూ ఒకచోట చేరతాయి. జంతువులను కోసి చెరిసగం పంచుకుంటారు. రెండు వైపుల ప్రతినిధులు మోకాళ్ల మీద వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకే సొరకాయ బుర్రలో ఉన్న ఆ చేదు కషాయాన్ని ఒకేసారి తాగుతారు. తలలు దాదాపు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా ఉంటాయి. క్షమాపణ అన్నది తియ్యనిదని వారు నటించరు. ఇద్దరూ ఆ చేదును నోట పట్టాల్సిందే, అదీ ఒకే పాత్రలోంచి. ఆ తరువాత కలిసి భోజనం చేస్తారు.

1980ల చివరి నుంచి రెండు దశాబ్దాల పాటు ఆ ప్రాంతాన్ని లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం చేసిన యుద్ధం నాశనం చేసింది. పిల్లలను ఎత్తుకుపోయి, తుపాకులు ఇచ్చి, వారి చేత సొంత ఊళ్లవారినే చంపించారు. అలా వెళ్లి తిరిగి వచ్చినవారిని ఊళ్లోకి తీసుకోవడానికి 'న్యోనో తోంగ్ గ్వెనో' అనే మరో క్రతువు ఉంది, అంటే గుడ్డును తొక్కడం. కల్మషం లేని ప్రాణానికి గుర్తుగా ఒక పచ్చి గుడ్డును, శుద్ధికి గుర్తుగా ఒపోబో చెట్టు రెమ్మను, గాదె మూతను ఎత్తి పట్టే 'లాయిబి' కర్రను దారిలో పెడతారు. వచ్చినవాడు గుడ్డును పాదంతో పగలగొట్టి లోపలికి అడుగు పెడతాడు. గాదె తెరిచే కర్ర అక్కడ ఎందుకు ఉందో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నువ్వు మళ్లీ ఈ ఇంటి గింజలు తినవచ్చు అని అది చెబుతుంది. 2007 జూన్‌లో జూబాలో ఉగాండా ప్రభుత్వానికి, తిరుగుబాటుదారులకు మధ్య కుదిరిన జవాబుదారీ ఒప్పందంలో మాతో ఒపుట్ పేరు ప్రత్యక్షంగా ఉంది.

అయితే ఈ క్రతువు ప్రతి గాయానికీ మందు అని నేను అనలేను. అది ఒకరినొకరు ఎరిగిన రెండు వంశాల మధ్య జరిగే హత్య కోసం పుట్టినది. ఎవరు ఎవరిని చంపారో తెలియని వందల చావులకు, బలాత్కారానికి గురైన ఆడపిల్లల బాధకు అందులో సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఆ తిరుగుబాటు నాయకులపై అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2005లో జారీ చేసిన వారెంట్లకు అది ప్రత్యామ్నాయమా కాదా అని పెద్ద చర్చే జరిగింది. నా మటుకు నాకు, నాయకులకు న్యాయస్థానం, ఎత్తుకుపోబడిన పిల్లవానికి గుడ్డు, రెండూ అవసరమే అనిపిస్తుంది. తీర్పు చెప్పే న్యాయమూర్తి ఆ పిల్లవాని పక్కన కూర్చుని అన్నం తినడు. ఊరు తినాలి.

కెన్యా తీరం వెంబడి మిజికెండా అని పిలిచే తొమ్మిది తెగల 'కాయా' అడవులు ఉన్నాయి. ఒకప్పుడు అవి అడవి మధ్యలో కోటల వంటి ఊళ్లు. జనం బయటికి వచ్చి స్థిరపడ్డాక కూడా అవి పూర్వీకుల నివాసాలుగా, సమాధి స్థలాలుగా, ఊరి రక్షణ కోసం పాతిన 'ఫింగో' అనే రక్షల చోట్లుగా మిగిలాయి. చెట్టు నరకకూడదు, పెద్దల అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. చుట్టూ భూములన్నీ పొలాలుగా, హోటళ్లుగా మారిపోతున్నా ఈ చిన్న చిన్న అడవులు అరుదైన మొక్కలతో సహా బతికి ఉన్నాయి. 2008లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది. వలస పాలకులు వీటి శక్తిని చాలా ముందుగానే, తమదైన పద్ధతిలో గుర్తించారు. 1913లో మెకటిలిలి వా మెంజా అనే స్త్రీ, ఆ తొమ్మిది తెగల్లో ఒకటైన గిరియామాకు చెందినది, బలవంతపు కూలికి, పన్నులకు వ్యతిరేకంగా కాయా ఫుంగోలో జనం చేత ప్రమాణాలు చేయించింది. మరుసటి ఏడాది బ్రిటిష్‌వారు ఆ కాయాను డైనమైట్‌తో పేల్చివేశారు. ఒక జనాన్ని లొంగదీయాలంటే ఎక్కడ పేల్చాలో వారికి తెలిసింది.

అదే గిరియామాల సమాధి స్తంభాలైన 'విగాంగో' కథ నన్ను మరింత బాధిస్తుంది. గౌరవనీయుడైన పెద్ద చనిపోతే అతని ఆత్మకు నిలయంగా చెక్కి నిలబెట్టే స్తంభాలవి. ఒకసారి నిలబెట్టాక కదపకూడదు. 1970ల నుంచి వీటిని వందల సంఖ్యలో దొంగిలించి కళాఖండాలుగా విదేశాలకు అమ్మారు. అమెరికాలోని కొన్ని మ్యూజియంలు ఇప్పుడు తిరిగి ఇస్తున్నాయి గాని, ఏ స్తంభం ఏ ఇంటి పెద్దదో చెప్పగలిగే గుర్తులు చాలావాటికి లేవు. గాజు పెట్టెలో ఉన్నంతకాలం అది శిల్పం. తిరిగి వచ్చాక ఎవరి తాత అన్న ప్రశ్న లేస్తుంది.

యోరుబాలు ప్రశ్న చెప్పే పద్ధతి అయిన ఇఫా గురించి క్లుప్తంగానే చెబుతాను, దానికి వేరే వ్యాసమే కావాలి. బాబలావో, అంటే రహస్యాల తండ్రి, 16 తాటి జాతి గింజలతో 'ఒడు' అనే 256 సంకేతాలలో ఒకదాన్ని నిర్ణయిస్తాడు. ఒక్కో ఒడుకు చేరిన పద్యాలు ఎన్నో. వాటిని ఏళ్ల తరబడి గురువు దగ్గర వల్లె వేస్తేనే ఆ వృత్తి అబ్బుతుంది. వచ్చినవాడు తన సమస్యను బాబలావోకు చెప్పనవసరం లేదు. పద్యాలు వింటూ ఉంటే తన కథకు సరిపోయేది ఏదో తనకే తెలుస్తుంది. నేను గతంలో ఒకచోట ఇటువంటివారిని 'మంత్రగాళ్లు' అని రాశాను. ఆ మాట తప్పు, తిరిగి రాస్తే దాన్ని వాడను. ఒక జాతి చరిత్రను, వైద్యాన్ని, నీతిని కంఠస్థం చేసి మోస్తున్నవానికి అది చాలదు.

ఇంత గౌరవంతో రాస్తున్నాను గనుకనే చేదు సంగతులు కూడా చెప్పాలి. నేల సహించనివి అన్న ఆ జాబితాలో ఒకప్పుడు కవలల పుట్టుక కూడా ఉండేది, ఇగ్బో ప్రాంతాల్లో ఎందరో పసికందులను అడవిలో వదిలేశారు. దేవతకు అర్పించబడినవారి సంతతిని 'ఓసు' అని వెలివేసే పద్ధతిని 1956లో చట్టం రద్దు చేసినా, పెళ్లిళ్ల దగ్గర ఆ వివక్ష పూర్తిగా పోలేదు. ఉత్తర ఘనాలో మంత్రాలు చేశారన్న నిందతో ఊరు తరిమేసిన ముసలి స్త్రీలు గాంబాగా వంటి చోట్ల శరణు పొంది బతుకుతున్నారు. అక్కడ వారిని కాపాడుతున్నది కూడా ఒక సంప్రదాయ పెద్దే. తరిమినదీ ఆచారమే, చేరదీసినదీ ఆచారమే. ఊరిని ఒకటిగా పట్టి ఉంచే కట్టు ఎంత బలమైనదైతే, దాని బయట పడినవారికి అంత దిక్కులేనితనం. ఈ నిజాన్ని పక్కన పెట్టి చేసే పొగడ్త ఆ స్త్రీలకు ద్రోహం.

నేడు ఆ ఖండంలో అత్యధికులు క్రైస్తవులు, ముస్లింలు. అయినా ఈ పాత ఆలోచన వారి జీవితాల్లోంచి తొలగిపోలేదు. దక్షిణాఫ్రికాలో 'ఉముంటు న్గుముంటు న్గబంటు' అంటారు, మనిషి మనుషుల వల్లనే మనిషి అని. ఆ సామెతలోని ఉబుంటు భావన 1993 తాత్కాలిక రాజ్యాంగపు ముగింపు మాటల్లోకి ఎక్కింది. 1995 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షను కొట్టివేసినప్పుడు పలువురు న్యాయమూర్తులు దాన్ని ఆధారంగా చూపారు. నైజీరియాలోని ఒషోగ్బోలో ప్రతి ఆగస్టులో ఒషున్ నది ఒడ్డున ఉన్న పవిత్ర వనానికి జనం తరలివస్తారు. తలపై సొరకాయ బుర్ర మోసే 'అరుగ్బా' అనే కన్య వెనుక నడిచే ఆ గుంపులో అన్ని మతాలవారూ ఉంటారు.

ఇగ్బో ఇంటికి అతిథి వస్తే ముందుగా తెచ్చేది ఓజీ, అంటే కోలా గింజ. ఓజీ తెచ్చినవాడు ప్రాణం తెచ్చాడు అంటారు. ఆ పళ్లెం నేరుగా అతిథి ముందుకు రాదు. బంధుత్వపు వరుస ప్రకారం, ఊళ్ల వరుస ప్రకారం చేతులు మారుతూ అందరి చేతా చూడబడి, తిరిగి ఇంటి యజమాని దగ్గరకు చేరుతుంది. అప్పుడతను రాజుగారి ఓజీ రాజుగారి చేతిలోనే ఉంది అంటాడు. ఆ కాసేపట్లోనే అక్కడున్న ప్రతి మనిషికీ తాను ఎవరికి ఏమవుతాడో మరొకసారి గుర్తుకు వస్తుంది. తరువాత పెద్దవాడు ప్రార్థన చేస్తాడు: గద్దా వాలాలి, డేగా వాలాలి, ఒకటి రెండోదాన్ని వాలనివ్వకపోతే దాని రెక్క విరగాలి. గింజ నాలుగు పాయలుగా విడితే శుభం, ఇగ్బోల వారానికి నాలుగు సంత రోజులే గదా.

ఈ ప్రార్థనకు ఒక నియమం ఉంది. ఓజీకి ఇంగ్లీషు రాదు అంటారు. సభలో ఎంత పెద్ద అధికారి ఉన్నా, మిగతా ఉపన్యాసాలన్నీ ఇంగ్లీషులో సాగినా, ఆ గింజ ముందు మాత్రం ఇగ్బోలోనే మాట్లాడాలి. లండన్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడిన కుటుంబాలు కూడినప్పుడు కూడా అంతే. అంతవరకు ఇంగ్లీషులో నడుస్తున్న మాటలు ఆగిపోతాయి, ఆ మాటలు వచ్చిన పెద్దవాడు ఎవరో ఒకరు గింజను చేతిలోకి తీసుకుని లేచి నిలబడతారు.